ప్రశ్నలు – జవాబులు: ఓర్వకల్లుకూ షెన్‌జెన్‌కూ ఎంత దూరం?

గత సంచికలో కర్నూలు దగ్గర ఓర్వకల్లు పారిశ్రామిక నోడ్ (పరిశ్రమల కోసం గుర్తించిన ప్రాంతం) గురించి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ, చైనాలోని షెన్‌జెన్ నగరం నుంచి మనం నేర్చుకోవలసినది ఏదైనా ఉంటే దాన్ని ఆకాశహర్మ్యాల్లో కాక భూమి కింద వేసిన గొట్టాల్లో వెతకాలని రాశాను. ఆ ఒక్క వాక్యానికి కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఈ మధ్య కాలంలో మరే విషయం మీదా రాలేదు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు ఇది చైనా భజన అని కోప్పడ్డారు, ఎక్కువమంది మాత్రం తమ ఊరి భూమిని, నీటిని ముందు పెట్టుకుని సూటిగా ప్రశ్నలు అడిగారు. అందువల్ల ఈ సంచికలో శీర్షిక మొత్తాన్నీ ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను. భూముల వ్యవహారం కనుక పేర్లు వేయవద్దని పలువురు కోరారు. అందరివీ ఊళ్ల పేర్లు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న: షెన్‌జెన్ 1980కి ముందు నాలుగు గుడిసెల జాలరి పల్లె అనీ, ప్రభుత్వం తలచుకోగానే మహానగరమైందనీ మా కళాశాలలో చెప్పారు. ఇది ఎంతవరకు నిజం? – డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: కథగా బాగుంటుంది గానీ, చరిత్రగా నిలబడదు. 1979 మార్చిలో షెన్‌జెన్ నగరంగా పేరు మారిన బావోఆన్ కౌంటీలో అప్పటికే సుమారు మూడు లక్షల మంది ఉన్నారు. అప్పట్లో బ్రిటిష్ పాలనలోని హాంకాంగ్‌లో భాగమైన కౌలూన్ నుంచి గ్వాంగ్‌జౌకు 1911లోనే రైలు నడిచింది. ఆ దారిలో సరిహద్దు దాటే చోటు ఈ షెన్‌జెన్ సంత ఊరే. అక్కడ జాలరులూ ఉన్నారు, వరి పండించే రైతులూ ఉన్నారు, రాత్రిపూట సరిహద్దు దాటి హాంకాంగ్‌కు పారిపోయే కుర్రవాళ్లూ ఉన్నారు. ఆ పారిపోవడమే కొత్త విధానానికి ఒక ముఖ్య కారణమైంది. 1979 ఏప్రిల్‌లో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్ర పార్టీ కార్యదర్శి షి జోంగ్‌షున్ తమకు మరిన్ని అధికారాలు కావాలని బీజింగ్‌లో అడిగితే, కేంద్రం దగ్గర డబ్బు లేదనీ, విధానాలు మాత్రం ఇస్తామనీ, దారి మీరే చేసుకోండనీ అప్పటి చైనా అగ్రనేత డెంగ్ జియావోపింగ్ చెప్పి పంపారు. 1980 ఆగస్టు 26న 327.5 చదరపు కిలోమీటర్ల ప్రత్యేక ఆర్థిక మండలికి చట్టబద్ధత వచ్చింది. 2020 జనగణన నాటికి నగర జనాభా 1.75 కోట్లు దాటింది.

జాలరి పల్లె కథ చెప్పేవారు సాధారణంగా హాంకాంగ్‌ను వదిలేస్తారు. పెట్టుబడి, ఆర్డర్లు, రేవు, యంత్రాలు బాగుచేసే మేస్త్రీలు, ఇంగ్లీషు తెలిసిన గుమాస్తాలు అన్నీ ఒక చిన్న నదికి అవతలి ఒడ్డున సిద్ధంగా ఉన్నాయి. ఓర్వకల్లుకు అటువంటి పొరుగు లేదు. హైదరాబాదు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, రేవు అంతకంటే దూరం. ఈ తేడాను పక్కన పెట్టి 'మరో షెన్‌జెన్' అనే మాట వాడటం వేదికల మీద తేలిక. 1953లో రాజధాని అయి 1956లో ఆ హోదా పోగొట్టుకున్న ఊళ్లో పుట్టినవాళ్లం కనుక, అటువంటి మాటలను కాస్త నిదానంగా నమ్మే అలవాటు మనకు ఉండాలి.

ప్రశ్న: మా ఊరి పక్కన నోడ్ కోసం హద్దురాళ్లు పాతి ఏళ్లు గడుస్తున్నాయి. విమానాశ్రయం వచ్చింది, రోడ్డు వచ్చింది, బోర్డులు వచ్చాయి. ఫ్యాక్టరీ అనేది ఎప్పుడు వస్తుంది? చైనాలో ఏం చేసి అంత త్వరగా తెచ్చారు? – రైతు, ఓర్వకల్లు మండలం

జవాబు: ఎప్పుడు వస్తుందని తేదీ చెప్పగలిగిన స్థితిలో నేను లేను, ఏది ముందు జరగాలో మాత్రం చెప్పగలను. చైనా అధికారుల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: 'సాన్ థోంగ్ యీ ఫింగ్', అంటే మూడు రావాలి, ఒకటి చదును కావాలి. నీరు రావాలి, కరెంటు రావాలి, రోడ్డు రావాలి, నేల చదును కావాలి. తరువాతి కాలంలో దీన్ని ఏడుకు పెంచి మురుగు కాలువ, వాన నీటి కాలువ, టెలిఫోను, గ్యాసు వంటివి కూడా చేర్చారు. ఈ పనులు జరగని స్థలాన్ని వాళ్లు పారిశ్రామికవాడ అనరు, ముడి నేల అంటారు. ఫ్యాక్టరీ యజమాని వచ్చి చూసే రోజుకు ఆ స్థలంలో యంత్రం దించుకోవడం తప్ప మరో పని మిగలకూడదన్నది వారి పద్ధతి.

షెన్‌జెన్‌లో ఈ పని నాటకీయంగా మొదలైంది. లోహూ రైలు స్టేషను చుట్టూ ఉన్న పల్లపు నేల 1980 వానల్లో మునిగిపోతే, పక్కనున్న లోహూ గుట్టను తవ్వి ఆ మట్టితోనే పల్లాన్ని నింపారు. అంతకు ఏడాది ముందే, 1979లో, షెకౌ అనే చోట సుమారు రెండు చదరపు కిలోమీటర్ల చిన్న ముక్కను ఒక ప్రభుత్వ నౌకా సంస్థకు అప్పగించారు. దాన్ని నడిపిన యువాన్ గెంగ్ ముందు రేవు గట్టు, నీరు, కరెంటు, టెలిఫోను చూసుకుని తరువాతే యజమానులను పిలిచాడు. పెద్ద పటం గీసి దానంతటా ఒకేసారి రోడ్లు వేయడానికి వాళ్ల దగ్గరా డబ్బు లేదు. చిన్న ముక్కను పూర్తిగా సిద్ధం చేసి, దాని మీద వచ్చిన ఆదాయంతో పక్క ముక్కకు వెళ్లారు. ఈ సంగతిని మన దగ్గర ఎవరూ ఎక్కువగా చెప్పరు. వేల ఎకరాల అంకె వినడానికి బాగుంటుంది కదా.

ఇక నీటి సంగతి. మన ప్రాంతానికి అన్నిటికంటే దగ్గరగా ఉండే పాఠం ఇదే కనుక కొంచెం ఎక్కువ రాస్తాను. షెన్‌జెన్‌లో వానలు బాగా కురుస్తాయి గానీ చెప్పుకోదగ్గ నది లేదు. ఆ నగరం నేటికీ తన నీటిలో అధిక భాగాన్ని బయటి నుంచి, ప్రధానంగా తోంగ్‌జియాంగ్ అంటే తూర్పు నది నుంచి తెచ్చుకుంటుంది. ఆ కాలువ షెన్‌జెన్ కోసం తవ్వింది కాదు. 1963లో హాంకాంగ్‌లో తీవ్రమైన కరవు వచ్చి నాలుగు రోజులకొకసారి నాలుగు గంటలు మాత్రమే కుళాయి వదిలిన తరువాత, 1964లో పని మొదలుపెట్టి 1965 మార్చికల్లా నీళ్లు పంపిన పథకం అది. ఉత్తరానికి పారే షిమా అనే చిన్న ఏటికి అడ్డకట్టలు కట్టి, ఎనిమిది మెట్లుగా పంపులు పెట్టి, ఏటిని వెనక్కి, దక్షిణానికి ఎక్కించారు. మల్యాల దగ్గర కృష్ణ నీటిని ఎత్తి హంద్రీ–నీవా కాలువలో మెట్టు మెట్టుగా అనంతపురం దాకా తోసే పద్ధతిని చూసినవారికి ఈ దృశ్యం కొత్తగా ఉండదు. ప్రత్యేక మండలి ప్రకటించే నాటికి ఆ కాలువకు పదిహేనేళ్లు నిండాయి. నీరు ముందు, మండలి తరువాత, వరుస అది.

మన దగ్గర ఈ వరుస తెలియదని కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారానికి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం జరిగితే, సుమారు 536 ఎకరాల ఎగుడుదిగుడు నేలను చదును చేసి, గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీరు తెచ్చి అప్పగించారు. 2019 ఆగస్టులో అమ్మకానికి కారు బయటికి వచ్చింది. ఒక్క పెద్ద కంపెనీ పేరు చెప్పి వస్తే మనం రెండేళ్లలో చేయగలుగుతున్నాం. పేరు తెలియని వంద చిన్న కంపెనీల కోసం ముందుగానే చేసి పెట్టడం చైనా పద్ధతి, మనకింకా అలవాటు కానిది. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరాల్లో మీ ఓర్వకల్లుకు 2,621 ఎకరాలు, రూ.2,786 కోట్లు, కడప దగ్గర కొప్పర్తికి 2,596 ఎకరాలు, రూ.2,137 కోట్లు అని ప్రకటించారు. ఇకమీదట ఎవరైనా అధికారి మీ ఊరికి వస్తే, ఎన్ని వేల ఉద్యోగాలు అని అడగకండి. దానికి జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. నీళ్ల గొట్టం ఏ ఊరి దాకా వచ్చింది, సబ్‌స్టేషన్ ఏ సామర్థ్యంతో చార్జ్ అయింది, ఏ బ్లాకులో మురుగు నీటి శుద్ధి మొదలైంది అని అడగండి. మూడింటిలో ఒక్కదానికైనా సూటి జవాబు వస్తే ఫ్యాక్టరీ దగ్గర పడినట్టే.

ప్రశ్న: చైనాలో అంతా పై నుంచి వచ్చిన ఆజ్ఞ. పంచవర్ష ప్రణాళికలో రాస్తారు, అయిపోతుంది. ప్రజాస్వామ్యంలో మనకు అది సాధ్యం కాదని మీరెందుకు ఒప్పుకోరు? – విశ్రాంత ఉద్యోగి, అనంతపురం

జవాబు: మీ ప్రశ్నలో సగం ఒప్పుకుంటాను. ఆజ్ఞ ఉంటుందన్నది నిజం; రాసింది అయిపోతుందన్నది నిజం కాదు. 1986లో షెన్‌జెన్ మండలికి తయారు చేసిన మాస్టర్ ప్లాన్ 2000 నాటికి మండలిలో 11 లక్షల జనం ఉంటారని అంచనా వేసింది. 2000 జనగణనలో మండలి బయటి ప్రాంతాలతో కలిపి నగరంలో లెక్క తేలినవారు 70 లక్షలు. అయినా ఆ ప్లాన్ పనికొచ్చింది. ఎందుకంటే నగరాన్ని ఒకే కేంద్రం చుట్టూ గుండ్రంగా కాకుండా, తూర్పు పడమరలుగా గుత్తులు గుత్తులుగా, మధ్యలో పచ్చని ఖాళీలతో గీశారు. జనం అనుకున్నదానికి ఎన్నో రెట్లు వచ్చినా ఒక గుత్తి పక్కన ఇంకో గుత్తి చేర్చుకుంటూ పోగలిగారు. అంచనా తప్పినా ఆకారం తప్పలేదు. మన పట్టణాల మాస్టర్ ప్లాన్లలో అంచనాల మీద పడే శ్రమ ఆకారం మీద పడదని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఆజ్ఞ కంటే ఎక్కువ పని చేసింది స్థానిక ప్రభుత్వం చేతికి వచ్చిన డబ్బు. 1980 నుంచి కొన్నేళ్ల పాటు గ్వాంగ్‌డాంగ్ ఏటా ఒక స్థిరమైన మొత్తం, 100 కోట్ల యువాన్లు, కేంద్రానికి కట్టి మిగిలింది తన దగ్గరే ఉంచుకునే ఏర్పాటు జరిగింది. ఎక్కువ సంపాదిస్తే ఎక్కువ మిగులుతుంది కనుక ప్రతి నగరమూ, ప్రతి టౌనూ పరిశ్రమల వెంట పడింది. మన జిల్లా పరిషత్తుకో మునిసిపాలిటీకో కొత్త ఫ్యాక్టరీ వల్ల ఎంత ఆదాయం మిగులుతుందో ఒకసారి లెక్క వేసి చూడండి. ప్రజాస్వామ్యం అడ్డుపడేది ఇక్కడ కాదు.

పోటీ హద్దు దాటితే ఏమవుతుందో కూడా చైనాయే చూపింది. పరిశ్రమల మండలి పెట్టడం పదోన్నతికి దారి అని ప్రతి స్థానిక అధికారీ గ్రహించడంతో, 2000 దశకం మొదటికి దేశంలో 6,866 అభివృద్ధి మండలాలు పుట్టుకొచ్చాయి; కాగితం మీద వాటి విస్తీర్ణం 38,600 చదరపు కిలోమీటర్లు. 2003లో కేంద్రం తనిఖీకి దిగి, 2006కల్లా వాటిని 1,568కి కుదించింది. రద్దయినవాటిలో చాలా చోట్ల పొలాలు పోయాయి, ఫ్యాక్టరీలు రాలేదు. సూజౌలో 1994లో సింగపూరుతో కలిసి కట్టిన పారిశ్రామిక పార్కు తీరు కూడా విచిత్రమే. సింగపూరు వాటా 65 శాతం. పక్కనే స్థానిక ప్రభుత్వం సొంతంగా 1990లో మొదలుపెట్టిన మరో పార్కు ఉంది. అధికారులు సహజంగా సొంత పార్కు వైపే యజమానులను మళ్లిస్తున్నారని సింగపూరు వాపోయింది. నష్టాలు పెరిగి 2001లో వాటాలు తారుమారై చైనా పక్షానికి 65 శాతం వచ్చింది. ఆ తరువాత అదే పార్కు లాభాల్లోకి వచ్చింది. ప్రణాళిక పుస్తకం రెండు కాలాల్లోనూ అదే, మారింది ఎవరి జేబుకు లాభం అన్నది.

2006లో మొదలైన పదకొండవ పంచవర్ష కాలంలో వాళ్లు ప్రణాళిక అనే మాటకే వేరే చైనా పదం వాడటం మొదలుపెట్టారు. లక్ష్యాలను కూడా తప్పక చేరవలసినవి, ఆశించదగినవి అని రెండుగా విడదీశారు. ఆర్థిక వృద్ధి రేటును రెండో జాబితాలో పెట్టి, ఒక్కో యూనిట్ ఉత్పత్తికి వాడే ఇంధనాన్ని 20 శాతం తగ్గించడాన్ని మొదటి జాబితాలో పెట్టారు. ఐదేళ్లకు 19.1 శాతం తగ్గింది. చివరి నెలల్లో కొన్ని జిల్లాలు లెక్క సరిచేయడం కోసం ఫ్యాక్టరీలకే కాక ఇళ్లకూ కరెంటు ఆపేశాయి. మీరు ఉద్యోగం చేశారు కనుక మార్చి నెలాఖరు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మాది కొప్పర్తి దగ్గర డి.కె.టి. పట్టా భూమి (సాగుకు ప్రభుత్వం పంచి ఇచ్చినది). చైనాలో భూమి అంతా ప్రభుత్వానిదేనట కదా, అక్కడి రైతుకు ఏమిచ్చారు? మాకు ఏం దక్కాలి? – చిన్న రైతు, కడప

జవాబు: అక్కడి చట్టం ప్రకారం నగరంలోని భూమి ప్రభుత్వానిది, గ్రామంలోని భూమి గ్రామ సమష్టిది. 2020 దాకా సమష్టి భూమిని పరిశ్రమకు ఇవ్వాలంటే సాధారణంగా ముందు ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, దాన్ని నగర భూమిగా మార్చి, వాడుకునే హక్కును నిర్ణీత కాలానికి అమ్మేది. ఈ అమ్మకం పుట్టింది షెన్‌జెన్‌లోనే. 1987 డిసెంబరు 1న ఒక సభామందిరంలో, సుత్తి కొట్టి, రెండెకరాలకు కాస్త పైనున్న 8,588 చదరపు మీటర్ల స్థలాన్ని యాభై ఏళ్ల వాడకానికి వేలం వేస్తే 52.5 లక్షల యువాన్లు పలికింది. ఆ రోజుకు రాజ్యాంగం ప్రకారం అది కుదరని పని. 1988 ఏప్రిల్‌లో రాజ్యాంగాన్నే సవరించుకున్నారు. అప్పటి నుంచి చైనా నగరాలు రోడ్లకూ మెట్రోలకూ పెట్టిన డబ్బులో పెద్ద భాగం ఇలా భూమి అమ్మగా వచ్చినదే.

ఆ సొమ్ము ఎక్కడి నుంచి మిగిలింది? రైతుకు ఇచ్చినదానికీ వేలంలో పలికినదానికీ మధ్య ఉన్న తేడా నుంచి. 1998 చట్టం ప్రకారం భూమికి పరిహారం గత మూడేళ్ల సగటు పంట విలువకు ఆరు నుంచి పది రెట్లు. పునరావాసంతో కలిపి ముప్పై రెట్లకు మించకూడదు. పంట విలువ మీద లెక్క గనుక, ఎదురుగా ఎంత పెద్ద నగరం లేస్తున్నా వరి మడి వరి మడి ధరకే పోయింది. ఈ లెక్కను 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో మార్చారు. అప్పటికి ముప్పై ఏళ్ల భూములు చేతులు మారిపోయాయి. వేగం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి చెప్పకపోవడం అన్యాయం. ఆ వేగం ధరలో కొంత భాగాన్ని రైతు కట్టాడు.

అయితే అక్కడే మరో పద్ధతి కూడా ఉంది. ఫోషాన్ నగరంలోని నాన్‌హై ప్రాంతంలో 1990ల తొలి ఏళ్లలో గ్రామస్థులు తమ సాగు హక్కులను వాటాలుగా మార్చుకుని గ్రామ సహకార సంఘంలో పెట్టారు. సంఘమే షెడ్లు కట్టి ఫ్యాక్టరీలకు అద్దెకిచ్చి, ఏటా వాటాదారులకు లాభం పంచింది. భూమి ఊరి చేతిలోనే ఉండిపోయింది. లోపం లేదని కాదు. ఊరికో షెడ్ల వరుస, ఊరికో మురుగు కాలువ ఏర్పడి, తరువాత వాటిని ఒక క్రమంలోకి తేవడం ప్రభుత్వానికి తలకు మించిన పనైంది. కానీ ఒక రైతుగా మీరు ఏది కోరుకుంటారని నన్ను అడిగితే, ఒకసారి వచ్చే చెక్కు కంటే ఏటా వచ్చే అద్దెలో వాటాయే అంటాను.

మీ హక్కు విషయం. మన 2013 భూసేకరణ చట్టం ప్రభుత్వం పంచి ఇచ్చిన భూమి పోతున్న కుటుంబాన్ని, మూడేళ్లుగా దాని మీదే బతుకుతున్న కౌలుదారును, కూలీని కూడా బాధిత కుటుంబాలుగా గుర్తిస్తుంది. డి.కె.టి. భూమి కనుక పరిహారం ఉండదని ఎవరైనా మౌఖికంగా చెబితే, ఆ మాటను కాగితం మీద రాసివ్వమని అడగండి. తరచుగా అక్కడితో సంభాషణ దారికి వస్తుంది. స్వాధీనం చేసుకున్న నాటి నుంచి ఐదేళ్ల పాటు వాడకుండా ఉంచిన భూమిని సొంతదారుకు తిరిగి ఇవ్వడమో, భూనిధిలో చేర్చడమో చేయాలని కేంద్ర చట్టం 101వ సెక్షను చెబుతుంది. పాసుపుస్తకం, అడంగల్ నకలు, పంట నష్టపరిహారం పాత రసీదులు ఒక సంచిలో పెట్టుకుని న్యాయవాదిని కలవండి. ఈ శీర్షిక దానికి ప్రత్యామ్నాయం కాదు.

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. సంక్రాంతి ముందూ వెనుకా మా తరగతిలో సగం బెంచీలు ఖాళీ అవుతాయి. అమ్మానాన్నలు సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, గుంటూరు మిరప కోతలకు పోతూ పిల్లలనూ తీసుకుపోతారు. ఫ్యాక్టరీలు వస్తే సుగ్గి ఆగుతుందా? చైనాలో ఆగిందా? – కోసిగి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను చాలా సేపు ఆపింది: 'హాజరు పట్టీలో ఆ నెలల గళ్లు నింపేటప్పుడు నాకు ఎర్ర సిరా త్వరగా అయిపోతుంది.' బియ్యం మూట, గ్యాసు పొయ్యి, ప్లాస్టిక్ బిందె, దాని మీద కూర్చున్న చిన్న పిల్ల. ఆ రోజుల్లో మీ వైపు రోడ్ల మీద ఆగిన వాహనాల్లో నేనూ ఈ దృశ్యం చూశాను.

చైనాలో వలస ఆగలేదు. వలసే ఆ ఫ్యాక్టరీలను నడిపింది. తేడా ఏమిటంటే, వాళ్లు ఎక్కువగా పిల్లలను ఊళ్లో తాతల దగ్గర వదిలి వెళ్లారు. కారణం హుకౌ. 1958 నుంచి ఉన్న ఈ ఇంటి నమోదు పద్ధతిలో మనిషి బడి, ఆసుపత్రి, పింఛను అన్నీ పుట్టిన ఊరికి కట్టి ఉంటాయి. సిచువాన్ రైతు కూతురు షెన్‌జెన్‌లో పదేళ్లు పనిచేసినా ఆమె బిడ్డకు అక్కడి ప్రభుత్వ బడిలో సీటు హక్కుగా రాదు. 2010 జనగణన ఆధారంగా అఖిల చైనా మహిళా సమాఖ్య వేసిన లెక్కలో ఇలా ఊళ్లలో మిగిలిపోయిన పిల్లలు 6.1 కోట్లు. 2020లో కూడా షెన్‌జెన్ వాసుల్లో ఆ నగర హుకౌ ఉన్నవారు సుమారు మూడో వంతే. 2003లో గ్వాంగ్‌జౌలో తాత్కాలిక నివాస పత్రం జేబులో లేదని పట్టుకుపోయిన సున్ జిగాంగ్ అనే యువకుడు నిర్బంధంలో దెబ్బలకు చనిపోతే, పెద్ద ఆందోళన చెలరేగి ఆ నిర్బంధ నిబంధననే రద్దు చేయవలసి వచ్చింది. అంతకు పదేళ్ల ముందు, 1993 నవంబరు 19న, షెన్‌జెన్‌లోని ఒక బొమ్మల ఫ్యాక్టరీలో మంట లేచినప్పుడు తలుపులకు తాళాలు, కిటికీలకు ఇనుప కడ్డీలు ఉండటంతో 87 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు.

మరి అంతమంది ఎక్కడ పడుకున్నారు? ప్రణాళికలో వారికి చోటు లేదు. ఆ లోటు తీర్చింది నగరం మింగిన పాత పల్లెలు. పొలం పోయినా ఇంటి స్థలం మిగిలిన రైతులు ఆ స్థలంలోనే ఆరేడు అంతస్తులు లేపి గదులు అద్దెకిచ్చారు. రెండు ఇళ్ల మధ్య సందు ఎంత ఇరుకంటే, ఈ కిటికీలో నిలబడి ఆ కిటికీలో ఉన్నవారితో చేయి కలపవచ్చు. అందుకే వాటిని కరచాలనం ఇళ్లు అంటారు. మెట్ల మీద పగలు కూడా దీపం కావాలి, తడి బట్టలు ఆరవు. అధికారులు వాటిని మచ్చగా చూశారు. కానీ ఆ గదులే లేకపోతే షెన్‌జెన్‌లో ఒక్క కుట్టు మిషను కూడా తిరిగేది కాదు.

ఓర్వకల్లు లేఅవుట్ పటం ఎప్పుడైనా మీ కంటబడితే, కార్మికుల ఇళ్లకు ఎన్ని ఎకరాలు వేశారో, బడి ఎక్కడ గీశారో ముందు చూడండి. సుగ్గి ఆగుతుందా అన్నది ఫ్యాక్టరీ జీతం ఒక్కదానితో తేలదు. కోసిగి తల్లి ఓర్వకల్లులో బిడ్డతో ఉండగలదా అన్నదానితో తేలుతుంది. అప్పటి దాకా సుగ్గి రోజుల్లో ఊళ్లో పిల్లల కోసం హాస్టలు నడపడమే నాకు తోచిన దగ్గరి దారి. మీరూ అదే రాశారు.

ప్రశ్న: మాది చిన్న నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీ. పదిమంది పనివాళ్లు. పెద్ద కంపెనీలు వస్తే మమ్మల్ని పొమ్మంటారా? – బేతంచెర్ల

జవాబు: చైనాలో పొమ్మన్నారు, ఆ మాట దాచను. డోంగ్‌గ్వాన్ అనే పక్క నగరం 1978లో తైపింగ్ చేతిసంచుల ఫ్యాక్టరీతో మొదలై, హాంకాంగ్ నుంచి వచ్చిన ముడిసరుకుతో, వాళ్ల నమూనాతో, వాళ్ల యంత్రం మీద కుట్టి పంపే చిన్న షెడ్లతో పెరిగింది. జిల్లాలు, కౌంటీలు లేకుండా 30 పైచిలుకు టౌన్లు నేరుగా నగరం కింద ఉంటాయి. ప్రతి టౌనుకూ ఒక సరుకు, ఒకచోట బూట్లు, ఒకచోట ఫర్నిచర్, ఒకచోట ఉన్ని దుస్తులు. 2008లో గ్వాంగ్‌డాంగ్ కార్యదర్శి వాంగ్ యాంగ్ 'పంజరం ఖాళీ చేసి పిట్టలను మార్చాలి' అన్నారు; అంటే చౌక కూలి మీద నడిచే పరిశ్రమను రాష్ట్రంలోని వెనుకబడిన జిల్లాలకు తరలించి, ఆ స్థలంలో ఎలక్ట్రానిక్స్ వంటివి పెట్టడం. పెరల్ నది ముఖద్వారంలోని తొమ్మిది నగరాలకు 2008–2020 కాలానికి కేంద్రం ఆమోదించిన ప్రణాళిక కూడా ఇదే దారి పట్టింది. అదే ఏడాది ప్రపంచ మాంద్యం వచ్చింది. ఆర్డర్లు ఆగి చాలా షెడ్లు వాటంతట అవే మూతపడ్డాయి.

మీ పరిస్థితి వేరు. నాపరాయి బేతంచెర్ల నేలలో ఉంది, దాన్ని ఎవరూ మరో జిల్లాకు తరలించలేరు. మీకు కావలసింది నోడ్‌లో ప్లాటు కంటే, ఉన్నచోటే నికరమైన కరెంటు, ఉమ్మడి పాలిష్ పరీక్షా కేంద్రం, ముఖ్యంగా పాలిష్ బురద పారబోసే క్రమబద్ధమైన చోటు. రోడ్డు పక్కన తెల్లగా గట్టిపడి గుట్టలైన ఆ బురదను మీ ఊరి దారిలో వెళ్లినవారంతా చూసే ఉంటారు. గాలి వీస్తే పంట ఆకుల మీద సున్నం వేసినట్టు పడుతుంది. 2015 డిసెంబరు 20న షెన్‌జెన్‌లోని గ్వాంగ్‌మింగ్‌లో నిర్మాణ వ్యర్థాల గుట్ట ఒక్కసారిగా జారి పారిశ్రామికవాడ మీద పడి 73 మంది చనిపోయారు. మీ గుట్టలు అంత పెద్దవి కావు, నిజమే; గ్వాంగ్‌మింగ్ గుట్ట కూడా మొదటి లారీ నాడు అంత పెద్దది కాదు. యజమానుల సంఘం తరఫున ఒక్క అర్జీ పెట్టేటట్లయితే ప్లాట్ల కోసం కాదు, దీని కోసం పెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి ఐ.టి.ఐ.లో ఫిట్టర్ పూర్తి చేశాడు. చైనా భాష నేర్పించమంటారా? – డోన్

జవాబు: నేర్చుకుంటే మంచిదే, కానీ ముందు డ్రాయింగ్ చదవడం, మైక్రోమీటరు పట్టడం, కంప్యూటరుతో నడిచే సి.ఎన్.సి. యంత్రం మీద పని చేయడం బాగా రానివ్వండి. కొలత తప్పు పోయిన ముక్కను ఏ దేశపు సూపర్‌వైజరైనా పక్కకే విసిరేస్తాడు.

సవరణ: గత సంచికలో చైనా తొలి నాలుగు ప్రత్యేక ఆర్థిక మండలాల పేర్లు రాస్తూ హైనాన్‌ను కూడా చేర్చాను. నంద్యాల నుంచి ఒక పాఠకుడు పోస్టుకార్డు మీద నాలుగే పంక్తుల్లో దాన్ని సరిదిద్దారు. 1980లో ప్రకటించిన నాలుగు షెన్‌జెన్, జుహై, షాంతౌ, షియామెన్. హైనాన్ ద్వీపానికి ఆ హోదా 1988లో వచ్చింది. తప్పు నాదే, ఆయనకు కృతజ్ఞతలు.